డిస్కులు ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న: ఇంట్లో ఉన్న ఒకే ఒక డెస్క్‌టాప్‌ను సర్వర్‌గా మార్చుకున్నాను. 32 జీబీ మెమరీ, ఒక ఎన్‌వీఎంఈ డ్రైవు (వేగమైన ఎస్‌ఎస్‌డీ), నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులు ఉన్నాయి. ఎన్‌వీఎంఈ మీద ప్రాక్స్‌మాక్స్ (ఒకే యంత్రంలో అనేక వర్చువల్ మెషిన్లను, అంటే యంత్రంలో యంత్రాలను, నడిపే హైపర్వైజర్) ఎక్కించి, నాలుగు డిస్కులనూ అక్కడే రెయిడ్-జెడ్1 పద్ధతిలో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా) జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పూల్‌గా కలిపాను. ఆ పూల్ నుంచి పెద్ద వర్చువల్ డిస్కు ఒకటి తీసి, ట్రూనాస్ అనే నాస్ వ్యవస్థ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ ఫైళ్లు అందించేది) నడిచే వర్చువల్ మెషిన్‌కు ఇచ్చాను. ఇంటిల్లిపాది ఫొటోలు, పత్రాలు అందులోనే ఉన్నాయి. ఇప్పటిదాకా బాగానే నడుస్తోంది. కానీ ఒక మిత్రుడు "నాస్ నేరుగా యంత్రం మీదే నడవాలి, నువ్వు చేసింది ప్రమాదం" అంటాడు. ఇంకొకరు "ఏమీ కాదు, అందరూ చేస్తున్నదే" అంటారు. రెండో యంత్రం పెట్టే ఉద్దేశం లేదు. మిగతా వర్చువల్ మెషిన్ల డిస్కులను కూడా ట్రూనాస్‌లోకే మార్చి ఎన్‌వీఎంఈని ఖాళీ చేద్దామనుకుంటున్నాను. ఇలాగే కొనసాగించవచ్చా? అన్‌రెయిడ్ అనే మరో నాస్ వ్యవస్థకు మారితే ఈ తలనొప్పి తగ్గుతుందా?

జవాబు: మీ మిత్రుడి భయానికి కారణం ఉంది, కానీ ఆయన వేలు చూపిస్తున్న చోట కాదు. నాస్ వ్యవస్థను వర్చువల్ మెషిన్‌లో నడపడంలో తప్పేమీ లేదు. ప్రాసెసర్‌ను పంచుకోవచ్చు, మెమరీని పంచుకోవచ్చు, నెట్‌వర్క్ కార్డును నిస్సంకోచంగా పంచుకోవచ్చు. పంచుకోకూడనివి డిస్కులు. అవి పూర్తిగా హైపర్వైజర్ చేతిలో ఉండాలి, లేదంటే పూర్తిగా ట్రూనాస్ చేతిలో ఉండాలి. మీ అమరికలో ఇద్దరూ తలో చేయి వేశారు.

అలాగని కంగారు పడకండి, రేపు ఉదయానికి మీ ఫొటోలు మాయం కావు. ఒక డిస్కులో ఏదైనా బ్లాకు పాడైతే ప్రాక్స్‌మాక్స్ వైపున్న జెడ్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే లెక్క) ద్వారా దాన్ని పట్టుకుంటుంది, మిగతా డిస్కులలోని సమాచారంతో బాగుచేస్తుంది కూడా. లోపల ట్రూనాస్ నడిపే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు మాత్రం కనబడేది ఒకే ఒక డిస్కు. పాడైన బ్లాకు దాని దాకా వస్తే గుర్తుపట్టగలదే తప్ప బాగుచేయలేదు, ఎందుకంటే రెండో ప్రతి దాని దగ్గర లేదు. అంటే కాపలా అంతా బయటివాడు కాస్తున్నాడు, లోపలివాడు కూర్చుని రిపోర్టులు రాస్తున్నాడు. ఆ రిపోర్టులనే మీరు రోజూ చూస్తున్నారు. ట్రూనాస్ తెరమీద అంతా పచ్చగా కనిపిస్తున్నా అది డిస్కుల ఆరోగ్యం గురించి చెబుతున్న మాట కాదు. వర్చువల్ డిస్కుకు ఉష్ణోగ్రత ఉండదు, అరిగిన సెక్టార్లు ఉండవు, స్మార్ట్ పరీక్షలు (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునేవి) జరగవు. నిజమైన డిస్కు చావుకు దగ్గరైతే ఆ కబురు ప్రాక్స్‌మాక్స్‌కు వస్తుంది. అక్కడ మెయిల్ హెచ్చరికలు అమర్చుకున్నారా? ఈ ఉత్తరంలో మిగతాదంతా తర్వాత చదవండి, ముందు ఆ పని చూడండి.

ఇక స్థలం సంగతి. రెయిడ్-జెడ్1లో నాలుగు 4 టీబీ డిస్కులు పెడితే 12 టీబీ వస్తుందని మీరు లెక్క వేసుకుని ఉంటారు. మామూలు ఫైళ్లకు ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. వర్చువల్ డిస్కును మాత్రం జెడ్‌ఎఫ్‌ఎస్ చిన్న చిన్న బ్లాకులుగా కోసి పెడుతుంది. బ్లాకు పరిమాణం 8 కేబీ, డిస్కు సెక్టారు 4 కేబీ అనుకుందాం. ఒక్కో బ్లాకుకు డేటా సెక్టార్లు రెండు, పారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టే సమాచారం) సెక్టారు ఒకటి, కేటాయింపు సరిసంఖ్యలో ఉండాలి కాబట్టి వృథాగా మరొకటి. మొత్తం నాలుగు సెక్టార్లలో రెండే మీవి. 12 టీబీ అనుకున్నది 8 దగ్గర ఆగిపోతుంది. 16 కేబీ బ్లాకులైతే ఆరింట నాలుగు మీకు దక్కుతాయి, కొంత నయం. కొత్త ప్రాక్స్‌మాక్స్ విడుదలల్లో 16 కేబీయే డిఫాల్టు, పాతవాటిలో 8 ఉండేది. మీ వర్చువల్ డిస్కు ఏ కాలంలో సృష్టించినదో ఒకసారి చూసుకోండి. "స్థలం ఎటు పోయింది" అని తల పట్టుకునే చాలామందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

థిన్ ప్రొవిజన్ (స్థలాన్ని ముందే కాకుండా వాడిన కొద్దీ తీసుకోవడం) టిక్ పెట్టి ఉంటే ఇంకో చిక్కు ఉంది. ట్రూనాస్‌లో ఫైళ్లు తుడిచేసినంత మాత్రాన బయటి పూల్‌లో స్థలం తిరిగి రాదు. డిస్కార్డ్ ఆప్షన్ పెట్టి, లోపలి పూల్‌లో ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లను బయటికి తెలిపే పని) నడిపితేనే వస్తుంది. బయటి పూల్ నిండిన రోజున ట్రూనాస్ వర్చువల్ మెషిన్ ఉన్నచోటే ఆగిపోతుంది. లోపల చూస్తే బోలెడు ఖాళీ కనబడుతూనే ఉంటుంది. వీటికి తోడు ఒకే ఫైలును ఇద్దరూ మెమరీలో దాచుకుంటారు, ఒకే రాతను ఇద్దరూ తమ పద్ధతిలో మళ్లీ రాస్తారు. హార్డ్ డిస్కుల మీద ఇది బాగా తెలుస్తుంది.

కాబట్టి నా సలహా: ట్రూనాస్ కావాలనుకుంటే డిస్కులను ఒక్కొక్కటిగా కాకుండా, అవి తగిలించి ఉన్న కంట్రోలర్‌నే దానికి అప్పగించండి. దీన్నే పీసీఐ పాస్‌త్రూ అంటారు. మీ ప్రాక్స్‌మాక్స్ ఎన్‌వీఎంఈ మీద ఉండటం అదృష్టం. హోస్టుకు, అంటే ప్రాక్స్‌మాక్స్‌కు, సాటా పోర్టుల (హార్డ్ డిస్కులు తగిలించేవి) అవసరమే లేదు కనుక, మదర్‌బోర్డులోని సాటా కంట్రోలర్‌ను మొత్తంగా ఇచ్చేయవచ్చు. కొత్త కార్డు కూడా అక్కరలేకపోవచ్చు.

"పోవచ్చు" అనడానికి కారణం ఉంది. ముందు బయోస్‌లో ఇంటెల్ అయితే వీటీ-డీ, ఏఎండీ అయితే ఐఓఎంఎంయూ పేరుతో ఉండే, పరికరాలను వర్చువల్ మెషిన్లకు అప్పగించనిచ్చే సదుపాయాన్ని ఆన్ చేయాలి. తర్వాత ఆ కంట్రోలర్ ఏ ఐఓఎంఎంయూ గ్రూపులో పడిందో చూడాలి. ప్రాక్స్‌మాక్స్‌లో వర్చువల్ మెషిన్‌కు పీసీఐ పరికరం జోడించే జాబితాలోనే గ్రూపు సంఖ్య కనబడుతుంది. గ్రూపులో ఉన్నవన్నీ కలిసే ప్రయాణం చేయాలి. సాటా కంట్రోలర్ ఒక్కటే ఒక గ్రూపులో ఉంటే మీ పని సులువు. చాలా మామూలు బోర్డుల్లో చిప్‌సెట్ నుంచి వచ్చే సాటా, యూఎస్‌బీ, నెట్‌వర్క్ కార్డు అన్నీ ఒకే గంపలో ఉంటాయి. అలాంటప్పుడు సాటాను ఇచ్చేస్తే నెట్‌వర్క్ కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది, ప్రాక్స్‌మాక్స్ తెర మీ బ్రౌజర్‌లో తెరుచుకోదు. గ్రూపులను బలవంతంగా విడగొట్టే ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే మార్గం ఒకటి ప్రచారంలో ఉంది. అది పరికరాలను నిజంగా వేరు చేయదు, వేరుగా ఉన్నాయని కెర్నల్‌కు అబద్ధం చెబుతుంది. ప్రయోగాల యంత్రం మీద చేసుకోండి, ఇంటి ఫొటోలున్న యంత్రం మీద వద్దు.

గ్రూపు కుదరకపోతే హెచ్‌బీఏ కార్డు (డిస్కులు తగిలించే అదనపు కంట్రోలర్) పెట్టుకోండి. ఎల్‌ఎస్‌ఐ 9207-8ఐ, 9300-8ఐ లాంటివి ఈ పనికి బాగా నలిగిన కార్డులు. ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ (డిస్కులను ఉన్నవి ఉన్నట్టుగా అందించేది) ఉన్నదే తీసుకోవాలి, రెయిడ్ ఫర్మ్‌వేర్ ఉన్నది జెడ్‌ఎఫ్‌ఎస్‌కు పనికిరాదు. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే స్లాటులో పెట్టండి, చిప్‌సెట్ స్లాటులో పెడితే మళ్లీ అదే గంపలో పడే అవకాశం ఉంది. ఈ కార్డులు జోరుగా గాలి వీచే సర్వర్ పెట్టెల కోసం తయారైనవి. డెస్క్‌టాప్ కేసులో సలసల కాగుతాయి, హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాను పెట్టకపోతే ఎండాకాలంలో డిస్కులు వరసగా మాయమైపోతూ ఉంటాయి. జనం డిస్కులను అనుమానిస్తారు, కేబుళ్లను మారుస్తారు, కార్డును తాకి చూడరు.

కంట్రోలర్‌ను కాకుండా డిస్కులను ఒక్కొక్కటిగా, వాటి సీరియల్ పేరుతో వర్చువల్ మెషిన్‌కు తగిలించే పద్ధతి కూడా ఉందని మీకు తెలిసే ఉంటుంది. అది మీ ఇప్పటి అమరిక కన్నా మేలే. లోపలి జెడ్‌ఎఫ్‌ఎస్‌కు నాలుగు డిస్కులు కనబడతాయి, బాగుచేసే శక్తి వస్తుంది. స్మార్ట్ సమాచారం మాత్రం ఇప్పటికీ లోపలికి రాదు, సీరియల్ సంఖ్యలను కూడా మీరే చేత్తో రాసి ఇవ్వాలి. పైగా డిస్కులు హోస్టు కళ్లకు కనబడుతూనే ఉంటాయి. అసలు ప్రమాదం అక్కడుంది. వర్చువల్ మెషిన్ మాట వింటేనే మీ మిత్రుడు ఉలిక్కిపడటానికి మూలం ఇదే అయి ఉండవచ్చు.

జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ను ఒక సమయంలో ఒక వ్యవస్థే వాడాలి. ట్రూనాస్ వాడుతుండగా ప్రాక్స్‌మాక్స్ కూడా అదే పూల్‌ను తెరిచిందంటే, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఖాళీ అనుకున్న చోట రాస్తూ పోతారు. కొద్దిసేపట్లోనే పూల్ ఎవరికీ చదవరానిది అవుతుంది. దీనికి బాగుచేసే పనిముట్టు లేదు, బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమే. మామూలుగా జెడ్‌ఎఫ్‌ఎస్ "ఈ పూల్‌ను చివరిగా మరో వ్యవస్థ వాడింది" అంటూ అడ్డుపడుతుంది. అక్కడ బలవంతపు ఇంపోర్ట్ (పూల్‌ను తెరవడం) ఆప్షన్ కొట్టేవాళ్లే ఇరుక్కుంటారు. ఆ సందేశం కనబడితే చేతులు కీబోర్డు మీంచి తీసేయండి.

కంట్రోలర్ మొత్తాన్ని ఇచ్చినా ఒక చిన్న సందు మిగులుతుంది. యంత్రం ఆన్ అయిన దగ్గర్నుంచి ట్రూనాస్ మొదలయ్యే దాకా డిస్కులు హోస్టు చేతిలోనే ఉంటాయి. అందుకే ఆ కంట్రోలర్‌ను బూట్ సమయంలోనే వీఎఫ్ఐఓ డ్రైవర్‌కు (పాస్‌త్రూ కోసం పరికరాన్ని పక్కన ఉంచేది) కట్టేయండి, మామూలు సాటా డ్రైవర్ దాన్ని ముట్టుకోకూడదు. హోస్టులో డిస్కుల జాబితా తీస్తే ఆ నాలుగూ కనబడకూడదు. కనబడలేదంటే సరిగ్గా చేసినట్టు. మల్టీహోస్ట్ అనే పూల్ సెట్టింగు ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, పూల్‌ను మరొకరు చురుగ్గా వాడుతున్నప్పుడు బలవంతపు ఇంపోర్ట్ కూడా తిరస్కరణకు గురవుతుంది. రెండు వ్యవస్థలకూ వేర్వేరు హోస్ట్ ఐడీలు ఉంటేనే అది పనిచేస్తుంది. అదనపు గొళ్లెంలా వాడుకోండి, దాని మీదే భారం వేయకండి.

మెమరీ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ట్రూనాస్‌కు కనీసం 8 జీబీ కావాలి, మీ 32లో 16 ఇవ్వండి. పాస్‌త్రూ ఉన్న వర్చువల్ మెషిన్ తన మెమరీ మొత్తాన్ని మొదట్లోనే పట్టేసుకుంటుంది. అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే బెలూనింగ్ దానికి పనిచేయదు, ఆ టిక్ తీసేయండి. నడుస్తున్న మెషిన్‌ను మెమరీతో సహా స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితి నకలు) తీయడమూ కుదరదు.

ఇప్పుడు మీ రెండో ఆలోచన. మిగతా వర్చువల్ మెషిన్ల డిస్కులను ట్రూనాస్‌లోకి మారుస్తానన్నారు. వద్దు. అప్పుడు ప్రాక్స్‌మాక్స్ నడిపించే మెషిన్లు, ప్రాక్స్‌మాక్స్ నడిపించే మరో మెషిన్ మీద ఆధారపడతాయి. ట్రూనాస్‌ను అప్‌డేట్ కోసం ఒక్కసారి రీస్టార్ట్ చేస్తే మిగతావన్నీ కాళ్ల కింద నేల పోయినట్టు ఆగిపోతాయి. యంత్రం మొత్తాన్ని ఆపేటప్పుడు ఇంకా ఇబ్బంది. ట్రూనాస్ ముందే ఆగిపోతే, అది నెట్‌వర్క్ మీద పంచిన ఎన్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరు ఇక తిరిగి రాదని తెలియక హోస్టు దాని కోసం ఎదురుచూస్తూ వేలాడుతుంది, చివరికి మీరు పవర్ బటన్ నొక్కుతారు. మెషిన్ల డిస్కులు ఎన్‌వీఎంఈ మీదే ఉండనివ్వండి. వాటి బ్యాకప్‌లను మాత్రం ట్రూనాస్‌కు పంపండి, ట్రూనాస్ మెషిన్ సొంత బ్యాకప్‌ను తప్ప. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేయం కదా.

ప్రాక్స్‌మాక్స్‌లో స్టార్టప్ ఆర్డర్ సంఖ్య ఇవ్వవచ్చు. ట్రూనాస్‌కు 1 ఇచ్చి, తర్వాతి మెషిన్ మొదలయ్యే ముందు కాస్త వ్యవధి పెట్టండి. ఆపేటప్పుడు ఇదే క్రమం వెనక్కి నడుస్తుంది, అంటే ట్రూనాస్ చివరిగా ఆగుతుంది, మీకు కావలసింది అదే. ఆగమని చెప్పాక డిఫాల్టుగా 180 సెకన్లు ఎదురుచూసి, తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. పెద్ద పూల్‌కు ఆ సమయం పెంచినా నష్టం లేదు. యూపీఎస్ ఉంటే దాని యూఎస్‌బీ తీగను హోస్టుకే కలపండి, ట్రూనాస్‌కు కాదు. కరెంటు పోయినప్పుడు నిర్ణయం తీసుకోవలసింది హోస్టు. లోపలి మెషిన్ తనను తాను ఆపుకుని ప్రయోజనం లేదు.

మార్పు ఎలా చేయాలి? పాత పూల్‌ను చెరపక తప్పదు కనుక, ముందుగా డేటా మొత్తాన్ని బయటి డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యిందని నమ్మి ఊరుకోకండి, కొన్ని పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి, వీలైతే చెక్‌సమ్‌లు పోల్చండి. ఆ తర్వాతే ప్రాక్స్‌మాక్స్‌లో పాత పూల్‌ను తొలగించి, స్టోరేజీ జాబితాలోంచి దాని పేరు తీసేసి, కంట్రోలర్‌ను అప్పగించండి. కొత్త పూల్‌ను ట్రూనాస్ లోపలే సృష్టించండి. నాలుగు డిస్కులకు నేనైతే రెయిడ్-జెడ్2 పెడతాను. మిగిలేది 8 టీబీయే, కానీ ఏ రెండు డిస్కులు పోయినా డేటా ఉంటుంది. మీవి 8 కేబీ బ్లాకులైతే ఇప్పటి అమరికలో మీకు దక్కుతున్నదీ అంతేనని పైన చూశాం. వేగం ముఖ్యమనుకుంటే రెండు మిర్రర్ జతలు (జతలో ఒక డిస్కుకు మరొకటి నకలు) కూడా అంతే స్థలం ఇస్తాయి, ఒకే జతలోని రెండూ పోతే మాత్రం అన్నీ పోతాయి. బయటి డిస్కులోని కాపీని పని అయిపోయిందని చెరిపేయకండి, దాన్ని ఇంకో చోట దాచండి. మీకు ఇప్పటిదాకా లేని బ్యాకప్ అదే.

అంతా అమరాక ఒక పరీక్ష చేయండి. ట్రూనాస్ సెట్టింగుల ఫైలును సీక్రెట్ సీడ్‌తో (దాచిన పాస్‌వర్డులను విప్పే కీ) సహా దించుకుని, పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి (పద్ధతిగా వదిలి), యంత్రాన్ని ఆపండి. ఎన్‌వీఎంఈని పక్కన పెట్టి, ఏదైనా చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ట్రూనాస్‌ను నేరుగా ఎక్కించి, అదే యంత్రంలో బూట్ చేయండి. పూల్‌ను ఇంపోర్ట్ చేసి, సెట్టింగుల ఫైలు ఎక్కించండి. ఫొటోలు తెరుచుకోవాలి. వర్చువల్ నెట్‌వర్క్ కార్డు పేరు, నిజమైన కార్డు పేరు వేరు కాబట్టి ఐపీ అడ్రసును కన్సోల్‌లో మళ్లీ పెట్టవలసి వస్తుంది, దానికి భయపడకండి. మధ్యలో హైపర్వైజర్ లేకుండానే మీ డిస్కులు మాట్లాడగలవని ఈ పరీక్ష రుజువు చేస్తుంది. కంట్రోలర్ పాస్‌త్రూ కోసం ఇంత శ్రమ పడేది ఇందుకే. తిరిగి ప్రాక్స్‌మాక్స్‌కు వచ్చే ముందు పూల్‌ను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడం మాత్రం మరవకండి. ఇప్పటి అమరికతో కూడా డేటాను బయటికి తీయవచ్చు, కాకపోతే బయటి పూల్ తెరిచి, దానిలోని వర్చువల్ డిస్కును పట్టుకుని, అందులోని పూల్‌ను మళ్లీ తెరవాలి. గాభరాలో ఉన్నప్పుడు చేయదగిన పని కాదు.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేనే వేస్తాను: మీకు ట్రూనాస్ నిజంగా కావాలా? కావలసింది రెండు మూడు షేర్ ఫోల్డర్లే అయితే, డిస్కులను ప్రాక్స్‌మాక్స్ చేతిలోనే వదిలేసి, ఒక చిన్న కంటెయినర్‌లో (తేలికపాటి వర్చువల్ మెషిన్ లాంటిది) ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే సాంబా నడిపి, పూల్‌లోని ఫోల్డరును అందులోకి మౌంట్ చేస్తే సరిపోతుంది. డిస్కులకు యజమాని ఒకడే, మెమరీ మిగులుతుంది, పాస్‌త్రూ గొడవే లేదు. పోయేది ట్రూనాస్ ఇచ్చే చక్కని తెర, స్నాప్‌షాట్ల షెడ్యూలు, అనుమతుల నిర్వహణ. కంటెయినర్లలో యూజర్ ఐడీలకు 100000 కలిసి హోస్టులో కనబడే తమాషాతో కూడా కొంత కుస్తీ పట్టాలి. కమాండ్ లైన్ మీకు అలవాటైతే నేను దీన్నే ముందు సూచిస్తాను. తిరగేసి ట్రూనాస్‌నే యంత్రం మీద ఎక్కించి దానిలో వర్చువల్ మెషిన్లు నడపడం మూడో దారి. నాకు దాని మీద అంత మోజు లేదు. అప్లికేషన్ల వైపు అది 2024లో కుబర్నెటీస్‌ను వదిలి డాకర్‌కు (రెండూ కంటెయినర్లను నడిపేవే) మారింది, తర్వాతి సంవత్సరం వర్చువల్ మెషిన్ల వైపు కూడా కదిలించింది. నిల్వ విషయంలో దాని నిలకడ గొప్పది, మిగతావాటిలో ఇంకా కుదురుకోలేదు.

అన్‌రెయిడ్ విషయానికొస్తే, దాని స్వభావం వేరు. సంప్రదాయ అన్‌రెయిడ్ అమరికలో ప్రతి డిస్కుకూ సొంత ఫైల్ సిస్టమ్ ఉంటుంది, పారిటీ కోసం వేరే డిస్కు ఉంటుంది. డిస్కును ఊడదీసి మరో లినక్స్ యంత్రంలో పెట్టినా దాని మీది ఫైళ్లు చదవవచ్చు. వేర్వేరు పరిమాణాల డిస్కులు ఉన్నవాళ్లకు అది వరం, మీ నాలుగూ సమానమైనవే. వర్చువల్ మెషిన్‌లో నడపాలంటే ఈ తలనొప్పులన్నీ దానికీ ఉన్నాయి. కంట్రోలర్ ఇవ్వకపోతే డిస్కుల ఉష్ణోగ్రతలు కనబడవు, వాడని డిస్కులను నిద్రపుచ్చడం కుదరదు. పైగా సాధారణంగా లైసెన్సు ఒక యూఎస్‌బీ డ్రైవుకు ముడిపడి ఉంటుంది, దాన్ని కూడా వర్చువల్ మెషిన్‌కు పాస్‌త్రూ చేయాలి. మారాలనిపిస్తే దాన్ని హైపర్వైజర్‌గా నేరుగా యంత్రం మీదే నడపండి, డాకర్, వర్చువల్ మెషిన్లు రెండూ దానిలోనే ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ లోపల పెట్టడానికే అయితే, ఉన్న ట్రూనాస్‌కు కంట్రోలర్ ఇచ్చుకోవడం తక్కువ పని.